చెల్లెలి జబ్బును చూసి కుళ్ళుకున్నాను

మా చెల్లెలి బిడ్డను తొట్లెలో వేసిన రోజు సూర్యాపేటలో మా అమ్మగారిల్లు చుట్టాలతో నిండిపోయింది. కోదాడ నుంచి చెల్లెలి అత్తగారు, చెల్లెలి భర్త అయిన మా మరిది, వాళ్ళ తరఫువాళ్ళు పొద్దున్నే బస్సు దిగారు. నేను మిర్యాలగూడ నుంచి ముందు రోజే వచ్చి పిండివంటల్లో అమ్మకు సాయం చేశాను. ఎనభైల చివర్లో మాట ఇది.

చెల్లెలు పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. ఆడవాళ్ళు తొట్లె చుట్టూ చేరి పాటలు పాడుతున్నారు. అది పాట వినడం లేదు. తొట్లె వైపు కూడా చూడడం లేదు. ఎదురుగా ఉన్న గోడను చూస్తోంది. అమ్మ రెండుసార్లు దాని పక్కకు వచ్చి "జర నవ్వు ముఖం పెట్టరాదే, అందరు సూస్తున్నరు" అని చెవిలో గొణిగి వెళ్ళింది.

చెల్లెలి అత్తగారు పాట మధ్యలో లేచింది. ఆమె కోదాడ దగ్గర సర్కారు దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. కొడుకు చిన్నప్పుడే భర్త పోతే, ఆ ఉద్యోగంతోనే అతన్ని చదివించింది. పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు, అందుకే ఆమె మాట మా మాటలా ఉండదు. వచ్చి చెల్లెలి ముందు నేల మీద కూర్చుని, దాని చెయ్యి పట్టుకుంది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"ఊరికే ఏడుపొస్తోందా?"

చెల్లెలి కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"బిడ్డను ఎత్తుకోవాలంటే భయమేస్తోందా? నాతో చెప్పు, ఏం ఫర్లేదు."

పాట ఆగిపోయింది. అమ్మ పరుగున వచ్చింది. "అదేం లేదు వదినె, పచ్చి బాలింత గద, జర నీరసం. ఇగ పాట కానియ్యిండ్రి" అంది.

"ఇది నీరసం కాదు వదినగారూ. ఇట్లాంటివాళ్ళను చాలామందిని చూశాను నేను. దాచిపెడితే ముదురుతుంది. అమ్మాయిని నాతో తీసుకెళ్తాను, డాక్టరుకు చూపిస్తాను" అందామె. గొంతు తగ్గించలేదు. జ్వరం గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

నేను పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా కళ్ళు కూడా నిండాయి. పక్కింటావిడ నన్ను చూసి "అక్క పానం ఆగుతలేదు పాపం" అంది. ఆమెకే కాదు, అక్కడున్న ఎవరికీ తెలియదు. నాకు చెల్లెలి మీద జాలి రాలేదు. అసూయ పుట్టింది. ఆ మూడు ప్రశ్నలూ నావి. ఐదేళ్ళ కిందట, ఇదే ఇంట్లో, ఎవరో ఒకరు నన్ను అడగాల్సినవి.

అప్పటిదాకా మా ఇద్దరిలో కుళ్ళుకోవాల్సింది ఎవరైనా ఉంటే అది చెల్లెలే అని అందరూ అనుకునేవాళ్ళు. నన్ను మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉన్నవాళ్ళింటికి ఇచ్చారు. సూర్యాపేటలో బట్టల దుకాణం నడుపుకునే మా నాయనకు అది పెద్ద సంబంధం. చెల్లెలికి వచ్చింది సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా. పైగా నర్సు కొడుకు. నర్సంటే ఊరందరి ఒళ్ళూ ముట్టుకునే మనిషని నాయన చాలా రోజులు తటపటాయించాడు. చివరికి పిల్లవాడు నెమ్మదస్తుడని ఒప్పుకున్నాడు. పెళ్ళిలో చుట్టాలు చెల్లెలి సంబంధాన్ని నా సంబంధంతో పోలుస్తుంటే నాకు లోపల హాయిగా ఉండేది. ఆ మాట ఒప్పుకోవాలి.

నా పురుడు కూడా ఆ ఇంట్లోనే జరిగింది. నాకూ ఆడపిల్లే. పది రోజులు గడిచాక నిద్ర పోవడం మానేశాను. బిడ్డ ఏడిస్తే ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు వినపడేది. బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి వెళ్తే, బావి దగ్గర చేతులు వదిలేస్తానేమోనని వణుకు పుట్టేది. అందుకని ఆ వైపు వెళ్ళడమే మానుకున్నాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగడం ఎలాగో మరచిపోయినట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం అమ్మతో చెప్పాను. "అమ్మా, నాకు బిడ్డను జూస్తె భయమైతుంది. నా చేతులతోటి ఏమన్న చేస్తనేమో అనిపిస్తుంది."

అమ్మ వెంటనే లేచి తలుపు వేసింది. "ఈ మాట మల్ల నీ నోట్లకెల్లి రావద్దు. మీ అత్తగారోళ్ళకు తెలిస్తె నిన్ను ఈడనే ఇడిసి పెడ్తరు. రేపు చెల్లె పెండ్లి కావాలె. పిచ్చిదాని చెల్లెను ఎవలు చేసుకుంటరు?"

అమ్మ చెడ్డది కాదు. భయపడింది. ఆ భయంతోనే మర్నాడు ఒక మంత్రగాణ్ణి పిలిపించింది. అతను వేపమండలతో నా వీపు మీద కొట్టి, మెడలో తాయెత్తు కట్టి వెళ్ళాడు. ఇరుగుపొరుగుకు దిష్టి తగిలిందని చెప్పింది అమ్మ.

మూడో నెలలో మిర్యాలగూడ చేరాను. మా ఇల్లు మిల్లుకు ఆనుకునే ఉండేది. ఉడికిన వడ్ల వాసన ఇల్లంతా కమ్ముకునేది. ఆరేసిన బట్టల మీద మిల్లు గొట్టం నుంచి నల్లటి ఊక బూడిద రాలేది. నేను వాటిని దులపకుండా అలాగే తెచ్చి మడతపెడితే మా అత్తమ్మ చూసి, "బాలింతలు గిట్లనే ఉంటరు. పని చేస్తే అన్ని పోతయ్" అంది. పని చేశాను. పోలేదు. ఏడాది దాటాక మెల్లగా దానంతట అదే పలచబడింది. ఆ ఏడాదిలో నా బిడ్డ ఎప్పుడు బోర్లా పడిందో, మొదటిసారి ఎవర్ని చూసి నవ్విందో నాకు తెలియదు. నేను నోరు మూసుకున్నాను. చెల్లెలి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికి నేనిచ్చిన కానుక అదేనని అనుకుంటూ ఉండేదాన్ని.

ఇప్పుడు అదే చెల్లెలికి అదే జబ్బు వస్తే, తెల్లారేసరికి బస్సెక్కించి కోదాడ తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి విజయవాడలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

నెల తర్వాత చూసొద్దామని కోదాడ వెళ్ళాను. చెల్లెల్ని చూడాలని వెళ్ళానని ఇంట్లో చెప్పాను గానీ, ఏం చేస్తున్నారో చూడాలన్న కుతూహలమే నన్ను లాక్కెళ్ళింది. హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ, అక్కడ చెల్లెల్ని అందరూ విసుక్కుంటూ ఉండాలని లోపల్లోపల కోరుకున్నాను.

వెళ్ళేసరికి మరిది పెరట్లో బిడ్డ గుడ్డలు ఉతుకుతున్నాడు. మగవాడు ఆ పని చేయడం నేనెన్నడూ చూడలేదు. నన్ను చూసి సిగ్గుపడలేదు కూడా. "రండి వదినా, ఇప్పుడే పడుకుంది" అన్నాడు. లోపల చెల్లెలు మంచం మీద పడుకుని ఉంటే అత్తగారు దాని తల ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తోంది. పట్టపగలు, కోడలు పడుకుని, అత్త నూనె రాస్తూ!

అంతలో పక్కింటామె చక్కెర కోసం వచ్చి, "ఏమైందండీ కోడలికి?" అని అడిగింది.

"పురుడయ్యాక మనసు బాగాలేదమ్మా. మందులు వాడుతున్నాం. తగ్గుతుంది" అంది అత్తగారు, నూనె రాయడం ఆపకుండానే.

ఆమె వెళ్ళిపోయాక నేను ఉండబట్టలేకపోయాను. "అందరికి గిట్ల చెప్పుకుంటే ఎట్ల అత్తమ్మా? మా ఇంటి పరువు ఏం కావాలె?"

ఆమె నావైపు నిదానంగా చూసింది. "కామెర్లొస్తే చెప్పుకోమా అమ్మా? ఇరుగుపొరుగుకు తెలిస్తేనే కదా నేను లేనప్పుడు ఎవరైనా వచ్చి చూసేది."

ఆ మాట నాకు ఇంకా మంట పెట్టింది.

సాయంత్రం ఆమె పాలకు వెళ్ళినప్పుడు చెల్లెలి పక్కన కూర్చున్నాను. తలగడ దగ్గర మాత్రల డబ్బా ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ మాత్రలంటే కూడా నాకు అసూయే. ఇంత చిన్నవి, ఇంత సులువుగా చేతికి అందేవి.

చెల్లెలు నన్నే చూస్తూ ఉంది. "అక్కా, నీకు పాప పుట్టినప్పుడు గిట్ల అయ్యిందా?" అని అడిగింది.

ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. "కాలే" అన్నాను. అక్కడితో ఆగలేదు. "మేమందరం కన్నోళ్ళమే గద. ఎవ్వలన్న గిట్ల పండుకున్నమా? నీకేం తక్కువైందని? ఈ గోలీలు మింగుకుంట కూసుంటే పిచ్చిదానివని పేరు పడ్తది. రేపు నీ బిడ్డ పెండ్లికి అడ్డమొస్తది, చూస్కో."

అమ్మ తలుపు వేసి నాతో అన్న మాటలే. ఐదేళ్ళు నా లోపల ఉండి, నా నోట్లోంచి వచ్చాయి. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. నేను మర్నాడు ఉదయం బస్సుకు వెళ్ళిపోయాను. దారిలో పశ్చాత్తాపం ఏమీ కలగలేదు. సరైన మాట చెప్పానని కూడా అనుకున్నాను.

రెండు వారాలు గడవక ముందే మిల్లు ఆఫీసుకు ఫోను వచ్చింది. మా ఆయన ఇంట్లోకి వచ్చి, "మీ చెల్లెకు మల్ల బాగలేదట. ఇల్లిడిసి ఎల్లిపోయిందట. దొరికింది తియ్యి, పరేషాన్ కాకు" అన్నాడు. వెంటనే కోదాడ బస్సెక్కాను.

కోదాడ చేరాక సంగతంతా తెలిసింది. నేను తిరిగొచ్చేసిన మర్నాటి నుంచే చెల్లెలు మాత్రలు మింగడం మానేసింది. ఇంట్లోవాళ్ళు చూస్తుండగా నోట్లో వేసుకుని, తర్వాత పెరట్లో ఉమ్మేసేది. ఆ రోజు పొద్దున అత్తగారు స్నానానికి వెళ్ళగానే, బిడ్డను మంచం మీద వదిలి, చెప్పులు కూడా లేకుండా నడుచుకుంటూ బస్టాండుకు వెళ్ళింది. ఏ బస్సు ఎక్కాలో తెలియక ఒక మూల కూర్చుండిపోయింది. అక్కడ జామకాయలు అమ్మే ఆమె దాన్ని గుర్తుపట్టింది. "నర్సమ్మ కోడలివి గదా, నీకు ఒంట్లో బాలేదన్నారు గదా, ఇక్కడెందుకు కూసున్నవ్ తల్లీ" అంటూ గంప అక్కడే వదిలేసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి దిగబెట్టింది.

పరువు పోతుందని నేను ఏ మాటను తప్పుపట్టానో, ఆ మాట జామకాయలమ్మే ఆమె చెవిన కూడా పడి ఉండబట్టే నా చెల్లెలు ఇంటికి చేరింది.

మాత్రలు ఎందుకు మానేసిందో అత్తగారు, మరిది ఎంత అడిగినా చెల్లెలు చెప్పలేదు. నా పేరు బయటపెట్టలేదు. నేను కూడా చెప్పలేదు.

మళ్ళీ విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. చెల్లెలు, మరిది, అత్తగారు, సూర్యాపేట నుంచి వచ్చిన అమ్మ, నేను. డాక్టరు పెద్దాయన. చెల్లెలితో చాలాసేపు మాట్లాడి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా కాన్పు తర్వాత ఇలా అయిందా?" అని అడిగాడు.

"లేదు సారూ. మా ఇంట్ల ఎవ్వల్కి లేదు" అంది అమ్మ వెంటనే.

చెల్లెలు తల దించుకుని ఉంది. దాని పాదాలకు బస్టాండుకు నడిచిన నాటి గీతలు ఇంకా మానలేదు. వాటిని చూస్తూ, "నాకైంది" అన్నాను.

అమ్మ కింద నుంచి నా తొడ గిల్లింది. నేను ఆపలేదు. "నా బిడ్డ పుట్టినంక ఏడాదికి పైననే ఉండె సారూ. నిద్ర లేకుండె. బిడ్డను బాయిల ఏస్తనేమో అని భయమయ్యేది. బయట ఎవ్వల్కి చెప్పలే." తర్వాత చెల్లెలి వైపు చూడకుండానే అన్నాను. "ఈమె గోలీలు నేను చెప్తెనే ఆపింది."

డాక్టరు నన్ను తిట్టలేదు. కలం తీసుకుని నన్ను వరసగా అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు మొదలైంది, ఆకలి ఉండేదా, చచ్చిపోవాలనిపించేదా. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్తుంటే ఆయన కాగితం మీద రాసుకున్నాడు. నా జీవితంలో ఆ సంగతి ఒకరు రాసుకోవడం అదే మొదలు. అంత సిగ్గులో కూడా నాకు సుఖంగా అనిపించింది. ఆయన మళ్ళీ చెల్లెలి వైపు తిరిగి మందుల సంగతి మాట్లాడుతుంటే, ఇంకొంచెంసేపు నన్నే అడిగితే బాగుండునని ఉక్రోషం వచ్చింది. అంతటి చోట కూడా నా బుద్ధి అలా ఉంది.

తిరుగు బస్సులో అమ్మ నా పక్కన కూర్చోలేదు. చెల్లెలు కూర్చుంది. నందిగామ దాటాక కిటికీలోంచి చూస్తూనే, "నేనొక్కదాన్నే గిట్లాంటి పాపిష్టిదాన్ననుకున్న అక్కా. నువ్వు కాలే అంటే, నాదే తప్పనుకున్న" అంది. నేను దాని చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత ఆరేడు నెలలు అది నాతో మాట్లాడలేదు. ఉత్తరం రాస్తే జవాబు మరిది రాసేవాడు. మందులు సరిగ్గా వేసుకుంటోందని, బిడ్డకు పళ్ళొచ్చాయని, మళ్ళీ కుట్టుమిషను తొక్కుతోందని. బాగుపడుతోందంటే సంతోషపడ్డాను. ఏడాది తిరక్కుండానే బాగుపడుతోందని కుళ్ళుకున్నాను కూడా. రెండూ ఒకేసారి ఉండేవి.

ఒక ఎండాకాలం చెప్పా పెట్టకుండా బిడ్డను చంకనేసుకుని మిర్యాలగూడ వచ్చింది. మిద్దె మీద నేను వడియాలు పెడుతుంటే పక్కన కూర్చుని, "నీకెట్లుండెనో చెప్పు. మొత్తం చెప్పు" అంది. చెప్పాను. బావి సంగతి, వేపమండల సంగతి, అమ్మ తలుపు వేసిన సంగతి. చివరికి "నీ మీద కుళ్ళు పుట్టి అబద్ధమాడిన" అని కూడా చెప్పాను.

"నాకు అనుమానముండె. మా అత్తమ్మ తొట్లె రోజే అన్నది, మీ అక్క ఏదో దాచుకుంటోంది అని" అంది చెల్లెలు.

"మరి నన్నెవ్వలు అడగలేదేంది?"

"నేను అడిగిన గద."

అవును, అది అడిగింది. ఎవరూ అడగలేదని అన్నేళ్ళు బాధపడ్డాను. అడిగిన ఆ ఒక్క మనిషికీ నేను చెప్పలేదు. ఆ సాయంత్రం అది నా తలకు నూనె రాస్తానంది. వద్దనలేదు.

చెల్లెలు రెండో కాన్పుకు సూర్యాపేట రాలేదు. కోదాడలోనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడే అందరికీ ముందుగా చెప్పి పెట్టింది, మళ్ళీ అలా కావచ్చు, అయితే నన్ను ఒంటరిగా వదలకండి అని. నేను వెళ్ళి నలభై రోజులు ఉన్నాను. ఈసారి ఆ జబ్బు నాలుగు రోజుల ఏడుపుతోనే తగ్గిపోయింది. అమ్మ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. డాక్టరు ముందు నేను నోరు జారానని, ఇంటి గుట్టు రట్టు చేశానని ఆమె బాధ. చాలా ఏళ్ళ తర్వాత నా బిడ్డ పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆ మాట ఎక్కడ బయటికొస్తుందోనని వణికింది.

చెల్లెలి రెండో కాన్పు అయిన కొన్నేళ్ళకు, తొంభైల మధ్యలో, నాకు నెలసరి ఆగకుండా పోవడం మొదలైంది. రెండు వారాలు, మూడు వారాలు. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. రెండు నెలలు ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర, మా ఆయన, అత్తమ్మ ఇద్దరూ ఉండగానే చెప్పేశాను. "నాకు నెత్తురు ఆగుతలేదు. రేపు దవాఖానకు పోవాలె."

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని తల దించుకున్నాడు. "సరే, రిక్షా మాట్లాడుత" అన్నాడు.

అత్తమ్మ చెయ్యి కడుక్కుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే గిన్నెలు తీసుకుని వెళ్తే, పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. "నీకేం, నోరు తెరిస్తే తీస్కపోయేటోళ్ళున్నరు" అంది. ఆ గొంతు నాకు కొత్త కాదు. కోదాడలో మాత్రల డబ్బా పట్టుకుని కూర్చున్నప్పుడు నా గొంతు అలాగే ఉంది.

గిన్నెలు కింద పెట్టి, "మీకేమైతుంది అత్తమ్మా?" అని అడిగాను.

పొయ్యి వైపు చూస్తూనే చెప్పింది. ఆఖరి కాన్పు నుంచి గర్భసంచి కిందికి జారి ఉందట. కూర్చుంటే ఒక బాధ, నిలబడితే ఒక బాధ. ఇరవై ఏళ్ళకు పైగా పాత చీర పేలికలు బిగించి కట్టుకుని ఇంటి చాకిరీ అంతా చేసింది. మామయ్యకు కూడా తెలియదు. "పని చేస్తే పోతదని మా అత్త అన్నది. పోలే" అంది.

పదేళ్ళకు పైగా ఆమెను మనసులో తిట్టుకున్నదాన్ని. "రేపు ఇద్దరం పోదాం" అన్నాను.

"ఈ వయసుల నాకెందుకు, నలుగురు నవ్వుతరు" అంది. కానీ మర్నాడు నేను చీర మార్చుకుని వచ్చేసరికి ఆమె గడప దగ్గర చెప్పులేసుకుని నిలబడి ఉంది. రిక్షాలో పక్కపక్కన కూర్చుని స్టేషను దారిలో ఉన్న ఆడడాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపల డాక్టరు నన్ను ముందు పిలిస్తే, "మా అత్తమ్మను ముందు సూడుండ్రి" అన్నాను. తెర వెనక ఆమె చాలాసేపు ఉంది. మొదట ఒక్కొక్క మాటగా, తర్వాత ఆగకుండా ఆమె మాట్లాడడం బయటికి వినిపించింది. బయట బెంచీ మీద నేను నా వంతు కోసం కూర్చున్నాను.